పిల్లల పళ్ళు సరిగ్గా కలవకపోతే ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి

పై పళ్ళు కాస్త ముందుకొచ్చినట్టు కనిపించగానే ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. ఒకరేమో "పాలపళ్ళేగా, అన్నీ ఊడి కొత్తవి వచ్చాక చూద్దాంలే" అంటారు, ఇంకొకరేమో "ఇప్పుడే క్లిప్పులు వేయించెయ్, ఆలస్యమైతే ఎముక గట్టిపడిపోతుంది" అంటారు. ఇద్దరు చెప్పేదాంట్లోనూ సగమే నిజం. కొన్ని సమస్యలు ఏడెనిమిదేళ్ళకే పట్టించుకోవాలి, లేకపోతే చిన్న పనితో పోయేది పెద్ద పనవుతుంది. కొన్నింటిని మాత్రం 11, 12 ఏళ్ళు వచ్చేదాకా ముట్టుకోకపోవడమే మేలు, తొందరపడితే పిల్లలకి విసుగు, మీకు ఖర్చు, చివరికి వచ్చే ఫలితం మాత్రం అదే. మీ పిల్లల సమస్య ఏ కోవలోదో తేల్చుకుంటే సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది.

ముందు ఇంట్లోనే చూడండి

వెలుతురు బాగా పడేచోట కూర్చోబెట్టండి. "పళ్ళు చూపించు" అని మాత్రం అడగొద్దు, అలా అడిగితే పిల్లలు కింది దవడ ముందుకు తెచ్చి ముందుపళ్ళు అంచుకి అంచు ఆనించి చూపిస్తారు, అది వాళ్ళ అసలు బైట్ (పళ్ళు కలిసే తీరు) కాదు. నోరు మూసి ఒకసారి గుటక వేయమనండి, వెనకపళ్ళు కరుచుకునే ఉంచి పెదాలు మాత్రం తెరవమనండి. ఇప్పుడు కనిపించేదే అసలైనది.

ఎదురుగా చూసినప్పుడు పై ముందుపళ్ళు కింది వాటిని కొద్దిగా, ఓ 2, 3 మిల్లీమీటర్ల మేర కప్పాలి. మొత్తం కప్పేసి కింది పళ్ళు కనిపించకపోతే అది డీప్‌బైట్. అలా ఉంటే నోరు పూర్తిగా తెరిపించి పై పళ్ళ వెనక అంగిలి మీద టార్చ్ వేసి చూడండి, కింది పళ్ళు గుచ్చుకున్న గుర్తులు గానీ ఎర్రదనం గానీ ఉంటే ఆగకుండా డాక్టర్‌కి చూపించాలి. వెనకపళ్ళు కలిసినా ముందుపళ్ళ మధ్య సందు మిగిలి, అందులోంచి నాలుక కనిపిస్తుంటే ఓపెన్‌బైట్. ఇక పక్క నుంచి చూడండి. పై పళ్ళు కింది వాటికన్నా 2, 3 మిల్లీమీటర్లు ముందుండటం మామూలే, 6 దాటితే అవి బాగా ఎత్తుపళ్ళు అన్నట్టే లెక్క.

చాలామంది వదిలేసేది బుగ్గల వైపు. స్పూన్ వెనక భాగంతో బుగ్గని మెల్లగా పక్కకి లాగి చూడండి. డబ్బా మీద మూత కూర్చున్నట్టు పై వరస కింది వరసకి కాస్త బయటగా ఉండాలి చుట్టూతా. ఎక్కడైనా పై పన్ను లోపలికి దిగి కింది పన్ను బయట ఉంటే దాన్ని క్రాస్‌బైట్ అంటారు. ఇది ఉందనిపిస్తే ఇంకో పని చేయండి, నోరు తెరిచి చాలా నెమ్మదిగా మూయమనండి, గడ్డం వైపే చూడండి. మూసేటప్పుడు నిటారుగా వచ్చి ఆఖరి క్షణంలో గడ్డం ఓ పక్కకి జారితే ఆ విషయం రాసిపెట్టుకోండి, డాక్టర్‌కి అది చాలా పనికొస్తుంది.

నిద్రలో కూడా గమనించాలి. నోరు తెరిచి పడుకోవడం, గురక, పొద్దున్నే నోరు ఎండిపోవడం ఉంటే పళ్ళ డాక్టర్‌తో పాటు ఈఎన్‌టీ డాక్టర్‌కి కూడా చూపించండి. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి గ్రంథులు వాచి ఉన్నా, అలర్జీతో ముక్కు మూసుకుపోతున్నా, అది తేలకుండా పళ్ళొక్కటే సరిచేస్తే పని సగమే అవుతుంది.

చూడ్డానికి బాగోకపోయినా కంగారుపడక్కర్లేనివి కూడా కొన్ని ఉన్నాయి. ఏడు నుంచి పదేళ్ళ మధ్య పై ముందుపళ్ళు రెండూ దూరం దూరంగా, విసనకర్రలా బయటికి విచ్చుకుని ఉంటాయి, ఫొటోల్లో బాగోవట్లేదని తల్లిదండ్రులు తెగ బాధపడతారు. లోపల ఎముకలో ఉన్న కోరపళ్ళు పక్కపళ్ళ వేళ్ళని నెట్టడం వల్ల వచ్చేదది, కోరపళ్ళు 11, 12 ఏళ్ళకి దిగాక చిన్న సందులు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. అలాగే కింద పాలపన్ను ఊడకముందే దాని వెనక కొత్తపన్ను వచ్చి రెండు వరసలు కనిపిస్తాయి. పాలపన్ను కదులుతుంటే వదిలేయండి, అది ఊడాక కొత్తదాన్ని నాలుకే ముందుకి తోస్తుంది. రెండు మూడు నెలలైనా కదలకపోతే అప్పుడు తీయించాలేమో అడగండి.

ఏడేళ్ళకి ఒకసారి ఆర్థోడాంటిస్ట్‌కి చూపించండి

ఆర్థోడాంటిస్ట్ అంటే పళ్ళ వరస, దవడల తీరు సరిచేసే డాక్టర్. అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం చెప్పే వయసు ఇదే, ఏడేళ్ళ లోపు ఒకసారి చూపించమని. ఎందుకంటే ఆరేళ్ళకి పాలపళ్ళన్నిటి వెనకాల మొదటి శాశ్వత దవడపళ్ళు వస్తాయి, ఆ వెంటనే ముందుపళ్ళు మారడం మొదలవుతుంది. వెనక, ముందు రెండు చోట్లా శాశ్వత పళ్ళు వచ్చాయంటే దవడలు ఎటు పోతున్నాయో డాక్టర్‌కి తెలిసిపోతుంది. చూపించమన్నారు కదా అని ఆ రోజే ఏదో ఒకటి వేయించాలని కాదు. ఎక్కువమంది పిల్లలకి "ఇప్పుడేం వద్దు, ఆరు నెలలాగి రండి" అనే సమాధానమే వస్తుంది, అలా చెప్పి పంపిన డాక్టర్ మీద నాకైతే నమ్మకం పెరుగుతుంది.

ఆగకూడనివి ఏవి

గడ్డం పక్కకి జారుతున్న క్రాస్‌బైట్ మొదటిది. దవడ రోజూ ఓ పక్కకి వెళ్ళి కరుచుకుంటుంటే పెరుగుదల కూడా అటే పోయే అవకాశం ఉంటుంది. పై దవడ మధ్యలో, అంగిలి నడుమ, రెండు ఎముకలు కలిసే అతుకు ఒకటుంది, చిన్నతనంలో అది ఇంకా గట్టిపడదు కాబట్టి ఎక్స్‌పాండర్ పెట్టి దవడని వెడల్పు చేయడం తేలిక. యుక్తవయసు దాటే కొద్దీ కష్టమవుతుంది, పెద్దయ్యాక ఒక్కోసారి సర్జరీయే గతి.

పై ముందుపళ్ళు కింది పళ్ళకి లోపల పడటం రెండోది. ఒక్క పన్ను మాత్రమే అలా ఉంటే చిన్న ప్లేటుతో కొన్ని నెలల్లో సరిచేస్తారు, వదిలేస్తే ఎదురుగా ఉన్న కింది పన్ను దగ్గర చిగురు దిగిపోతుంది. పన్ను కాదు, పై దవడే వెనకబడి ఉంటే ఫేస్‌మాస్క్ అని ముఖం మీద పెట్టుకునేది ఇస్తారు. సాయంత్రం నుంచి పొద్దుటిదాకా రోజుకి 12, 14 గంటలు పెట్టుకోవాలి, పదేళ్ళలోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి, కింది దవడ పెరుగుదల యుక్తవయసులో మళ్ళీ జోరందుకోవచ్చు, కొందరికి ఎదుగుదల పూర్తయ్యాక ఆపరేషన్ అవసరం పడొచ్చు. ఈ సంగతి మొదట్లోనే చెప్పే డాక్టర్ దగ్గరికే వెళ్ళండి.

వేలు చీకే అలవాటు ఇంకోటి. శాశ్వత ముందుపళ్ళు రాకముందే మానేస్తే చాలామందిలో ముందున్న సందు దానంతటదే తగ్గిపోతుంది. తిట్టడం, నలుగురిలో వెక్కిరించడం వల్ల అలవాటు ఇంకా ముదురుతుంది. పిల్లలే మానాలనుకుంటే సగం పని అయినట్టు, రాత్రిళ్ళు చేతికి మేజోడు తొడగడమో వేలికి బ్యాండేజ్ చుట్టడమో అప్పుడు గుర్తుచేయడానికి సరిపోతుంది. ఏడేళ్ళొచ్చినా మానకపోతే అంగిలి దగ్గర అడ్డుగా ఉండే తీగ పరికరం పెడతారు.

పుచ్చిపోయిన పాల దవడపన్నుని తొందరగా తీసేయాల్సి వస్తే, ఆ ఖాళీలోకి వెనక పన్ను జరిగి కొత్తపన్నుకి చోటు లేకుండా చేస్తుంది. ఆ చోటు పోకుండా కాపాడే స్పేస్ మెయింటైనర్ కావాలా అని తీసే రోజే అడగండి. తర్వాత అడిగితే చోటు పోయి ఉంటుంది.

బాగా ఎత్తుగా ఉన్న పళ్ళ సంగతి వేరు. పడితే ముందు తగిలేవి అవే, పెదవి కూడా వాటిని కప్పదు. ముందే సరిచేస్తే విరిగే ప్రమాదం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. కానీ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రెండు విడతలుగా చేసినా, 12 ఏళ్ళ ప్రాంతంలో ఒకేసారి చేసినా చివరికి పళ్ళు, దవడ కుదిరే తీరులో పెద్ద తేడా లేదని కూడా అవే పరిశోధనలు చెప్పాయి. ఆటల్లో తరచూ పడే పిల్లవాడు, పై పెదవి పొట్టిగా ఉన్న పాప, స్కూల్లో ఎగతాళి వల్ల నవ్వడమే మానేసిన పిల్లలు అయితే ముందు చేయించడానికి కారణం ఉంది. లేదంటే ఆగొచ్చు, ఈలోపు ఆటలకి మౌత్‌గార్డ్ పెట్టించండి.

ఆఖరిది ఎవరూ పట్టించుకోనిది. పదేళ్ళకి పై పాల కోరపన్ను వేరు దగ్గర, చిగురు బయటివైపు, వేలితో తడిమితే ఉబ్బు తగలాలి. లోపల కొత్త కోరపన్ను వస్తున్న గుర్తు అది. ఒక పక్క తగిలి ఇంకో పక్క తగలకపోతే ఎక్స్‌రే తీయించండి. దారి తప్పిందని ఆ వయసులో తెలిస్తే చాలాసార్లు పాల కోరపన్ను ఒక్కటి తీసేస్తే కొత్తది తనంతట తానే దారికొస్తుంది, పదిహేనేళ్ళకి తెలిస్తే చిగురు కోసి గొలుసు తగిలించి లాక్కురావాలి.

ఇవి కాక మిగిలిన పన్ను మీద పన్ను, కొద్దిపాటి వంకర, మామూలు ఎత్తుపళ్ళు ఇవన్నీ ఎక్కువగా ఆగదగ్గవే.

మొదటి అపాయింట్‌మెంట్‌లో ఏం అడగాలి

పుచ్చులుంటే ముందు అవి పూడ్పించుకునే వెళ్ళండి, పుచ్చుపళ్ళ మీద క్లిప్పులు వేయరు, వేయకూడదు కూడా. నికెల్ అలర్జీ, గుండె సమస్య, ఆస్తమా, రోజూ వాడే మందులు ఏవున్నా మీరే చెప్పండి. పళ్ళ అచ్చులు గానీ స్కాన్ గానీ తీసుకుంటారు, ఫొటోలు, నోరంతా కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, అవసరమైతే తల పక్క నుంచి తీసే సెఫలోగ్రామ్ కూడా ఉంటాయి. అవేవీ చూడకుండా కుర్చీలో రెండు నిమిషాలు చూసి ప్లాన్ మొత్తం చెప్పేస్తే అక్కడికి మళ్ళీ వెళ్ళాల్సిన పనిలేదు.

తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, "ఇంకో ఏడాది ఆగితే ఏమవుతుంది?" అని. దానికి సూటిగా జవాబు రావాలి. ఒక విడతా రెండు విడతలా, పళ్ళు తీయాలంటే ఎందుకు తీయాలి, తీయకుండా చేస్తే ఏం పోతుంది, చివర్లో పళ్ళు మళ్ళీ జరగకుండా ఇచ్చే రిటైనర్ ఖర్చు ఇందులోనే కలిసిందా, క్లిప్పు ఊడితే మళ్ళీ డబ్బు తీసుకుంటారా, ఇవన్నీ అడిగి రాయించుకోండి. పళ్ళు తీయడం అన్నమాట వినగానే భయపడి పారిపోనక్కర్లేదు, చోటు బొత్తిగా లేని నోట్లో అదే సరైన దారి కావచ్చు, కాకపోతే ఇంకో డాక్టర్‌ని కూడా అడగడంలో తప్పేమీ లేదు. పిల్లలతో కూడా అక్కడే మాట్లాడించండి. నోరు వాళ్ళది, పెట్టుకోవాల్సింది వాళ్ళు.

ఎక్స్‌పాండర్ తాళం తిప్పడం

పై దవడని వెడల్పు చేసే ఆ పరికరంలోని స్క్రూని చిన్న తాళంచెవితో తిప్పడమిది, మీ చేత్తో మీరే చేయాల్సిన పని, మొదటిసారి అందరికీ చేతులు వణుకుతాయి. పిల్లని పడుకోబెట్టి తల కాస్త వెనక్కి వాల్చి, టార్చ్ ఇంకొకరి చేతికివ్వండి. తాళానికి దారం కట్టి ఆ చివర మీ మణికట్టుకి చుట్టుకోండి, జారి గొంతులోకి పోకుండా. మధ్యలో ఉన్న స్క్రూకి ముందువైపు చిన్న రంధ్రం కనిపిస్తుంది, అందులో తాళం గట్టిగా దిగేలా పెట్టి మెల్లగా వెనక్కి, గొంతు వైపుకి నొక్కుతూ వెళ్ళండి, ముందు కొత్త రంధ్రం పూర్తిగా కనిపించేదాకా. అసలు కిటుకు ఇక్కడే ఉంది. కొత్త రంధ్రం సగమే కనిపించినప్పుడు ఆపేస్తే రేపు తాళం పెట్టడానికి చోటుండదు. తాళం తీసేటప్పుడు ముందుకి లాగితే తిప్పింది మళ్ళీ వెనక్కి వచ్చేస్తుంది, అందుకని కిందికి, వెనక్కి జార్చి తీయాలి.

ఒక్కో తిప్పుకి దాదాపు పావు మిల్లీమీటరు. కాసేపు ముక్కు దూలం దగ్గర, పళ్ళ దగ్గర బిగుతుగా ఉంటుంది, తర్వాత పోతుంది. కొన్ని రోజులకి పై ముందుపళ్ళ మధ్య పెద్ద సందు వస్తుంది, చెప్పకపోతే ఎవరైనా హడలిపోతారు, నిజానికి అది ఎముక విచ్చుకుంటోందనడానికి గుర్తు, తర్వాత కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఓ రోజు మర్చిపోతే మర్నాడు కలిపి రెండు తిప్పకండి, ఫోన్ చేసి అడగండి. తిప్పడం అయిపోయాక కూడా కొన్ని నెలలు పరికరం నోట్లోనే ఉంటుంది, మధ్యలో కొత్త ఎముక గట్టిపడటానికి.

కింది దవడ వెనకబడిన వాళ్ళకి ట్విన్‌బ్లాక్ లాంటివి

1977లో స్కాట్లాండ్‌లో విలియం క్లార్క్ తయారుచేసిన పరికరమిది, పైకి ఒక ప్లేటు, కిందికి ఒకటి, నోరు మూస్తే రెండూ కలిసి కింది దవడని ముందుకి పట్టి ఉంచుతాయి. ఇది వయసు లెక్క చూసి కాదు, ఎదుగుదల జోరు చూసి మొదలుపెట్టాలి. ఆడపిల్లల్లో ఆ జోరు మగపిల్లలకన్నా ఓ రెండేళ్ళు ముందే వస్తుంది. చెప్పులు ఊరికే పొట్టైపోతున్నాయి, ప్యాంట్లు పైకి పోతున్నాయి అనిపించే రోజులే సరైన రోజులు.

మొదటి వారం చొంగ కారుతుంది, మాట ముద్దగా వస్తుంది. రోజూ పావుగంట ఏదైనా పుస్తకం పైకి చదివించండి, మాట తొందరగా తిరుగుతుంది. వేడినీళ్ళలో కడగొద్దు, వంకరపోతుంది, చన్నీళ్ళు, బ్రష్ చాలు. తీసినప్పుడల్లా డబ్బాలోనే పెట్టాలి, టిష్యూలో చుట్టి పక్కన పెట్టినవి నేరుగా చెత్తబుట్టలోకి పోతాయి. డాక్టర్ చెప్పిన గంటలకన్నా తగ్గించి పెట్టుకుంటే మాత్రం ఇది పనిచేయదు, కాలెండర్ మీద పిల్లలచేతే గంటలు రాయించండి, మీరు పోలీసు పని చేసేకన్నా అది నయం.

క్లిప్పులు వేశాక

వేసేటప్పుడు నొప్పి ఉండదు. కొన్ని గంటల తర్వాత మొదలై రెండు మూడు రోజులు బాగా ఉంటుంది, వారానికి పోతుంది. బరువుకి తగిన మోతాదులో పారాసెటమాల్, మెత్తటి తిండి సరిపోతాయి. బుగ్గకి రాసుకుంటుంటే ఆ క్లిప్పుని దూదితో పొడిగా తుడిచి, మైనం ఉండ చేసి అద్దండి, తడి మీద పెడితే నిలవదు. తీగ చివర గుచ్చుకుంటుంటే పెన్సిల్ వెనక రబ్బరుతో లోపలికి నొక్కి చూడండి, కుదరకపోతే మైనం పెట్టి క్లినిక్‌కి ఫోన్ చేయండి. ఊడిన క్లిప్పు తీగకే వేలాడుతుంటే అలాగే ఉంచండి, విడిగా వచ్చేస్తే దాచి తీసుకెళ్ళండి.

గట్టివి, సాగేవి, అతుక్కునేవి వద్దు. పండ్లు కోసి పెట్టండి, కొరికి తిననివ్వకండి. పెన్ను కొరకడం, ఐసు నమలడం వల్లే క్లిప్పులు ఎక్కువగా ఊడతాయి.

బ్రషింగ్ మీద మాత్రం రాజీ పడొద్దు. క్లిప్పు చుట్టూ పాచి నిలిస్తే నెల రోజుల్లోనే పన్ను మీద తెల్లమచ్చలు మొదలవ్వొచ్చు, అవి క్లిప్పులు తీశాక పళ్ళు చక్కగా ఉన్నా చతురస్రాల్లా కనిపిస్తూనే ఉంటాయి. బ్రష్‌ని ముందు పైనుంచి క్లిప్పు మీదికి, తర్వాత కిందినుంచి క్లిప్పు మీదికి వాల్చి తోమాలి, తీగ కింద పళ్ళ సందుల్లోకి వెళ్ళే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడాలి, పేస్టులో ఫ్లోరైడ్ ఉండాలి. బాగా తోముతున్నారో లేదో తెలియాలంటే పాచికి రంగు పట్టించే బిళ్ళ వారానికోసారి నమిలించి అద్దం ముందు నిలబెట్టండి, మీరు నోరు విప్పక్కర్లేదు.

రబ్బరు బ్యాండ్లు ఇస్తే దాదాపు రోజంతా ఉండాలి, రోజూ కొత్తవి మార్చాలి, పాతవి సాగిపోయి బలం ఉండదు. తొందరగా అవుతుందని రెండేసి పెట్టొద్దు. పన్ను కదలాలంటే ఓ పక్క ఎముక కరిగి ఇంకో పక్క కొత్తది ఏర్పడాలి, దానికి దాని టైమ్ పడుతుంది, బలం పెంచితే వేరు కురచైపోయే ప్రమాదమే ఎక్కువ. మామూలుగా మొత్తం ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది, అపాయింట్‌మెంట్లు తప్పిస్తే ఇంకా సాగుతుంది.

ఇంకోటి, ఇది చదివేవాళ్ళు పిల్లలకి కూడా చెప్పండి. ముందుపళ్ళ సందు మూయడానికి మామూలు రబ్బరు బ్యాండ్ చుట్టే వీడియోలు తిరుగుతుంటాయి. ఆ బ్యాండ్ జారి చిగురు లోపలికి పోతుంది, వేరు సన్నగా ఉంటుంది కాబట్టి ఇంకా పైకి పాకుతుంది, బయటికి కనిపించదు, ఎముకని తినేసి చివరికి రెండు మంచి పళ్ళూ ఊడిపోయిన పిల్లలున్నారు.

తీసేశాక

క్లిప్పులు తీసిన రోజు అయిపోయిందనుకుంటారు, పళ్ళకి మాత్రం పాతచోటు గుర్తే. చిగుళ్ళలోని నారలు కొత్తచోటికి అలవాటుపడటానికి దాదాపు ఏడాది పడుతుంది, ఆ తర్వాత కూడా వయసుతో పళ్ళు కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటాయి. ఆ నేరం జ్ఞానదంతాల మీదికి నెట్టడం అలవాటు గానీ, ముందుపళ్ళు వంకరపోవడానికి అవే కారణమని రుజువు లేదు. రిటైనర్ డాక్టర్ చెప్పినన్ని గంటలు, తర్వాత రాత్రిళ్ళు, పళ్ళు అలాగే ఉండాలనుకున్నన్నాళ్ళు పెట్టుకోవాల్సిందే. కింది ముందుపళ్ళ వెనక సన్నటి తీగ అతికిస్తే దాని చుట్టూ గార పేరుకోకుండా చూసుకోవాలి, ఓ పక్క ఊడినా బయటికి తెలియదు, నెలకోసారి వేలితో తడిమి చూడండి.

రెండు మూడు రోజులు మర్చిపోయి పెట్టుకుంటే రిటైనర్ బిగుతుగా అనిపిస్తుంది. పూర్తిగా దిగితే ఆ రాత్రి నుంచే మళ్ళీ రోజూ పెట్టించండి, కొన్నాళ్ళకి సర్దుకుంటుంది. దిగకుండా ఓ పక్క పైకి లేచి ఉంటే కొరికి బలవంతంగా దించనివ్వకండి, విరుగుతుంది, మర్నాడే తీసుకెళ్ళి చూపించండి. పోగొట్టుకున్నా అంతే, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ వారంలోనే కొత్తది చేయించండి.